తుంటినరపు నొప్పి: రైతులెఱుగవలసిన సంగతులు

వరినాట్లు ముగిసి యెరువుల సంచులు గట్లమీదికి చేరు దినములలో మా ప్రదర్శన క్షేత్రములకు వచ్చు రైతులలో నొకరిద్దఱైనను నడుముపై చేయి వేసికొని, ఒక కాలు ఈడ్చుచు వచ్చుట మేము ప్రతి సంవత్సరమును చూచుచున్నాము. ఏమి జరిగినదని యడిగిన, "కాలు లాగేస్తోందండి, పిరుదు కాడ నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టుంది" అని చెప్పుదురు.

ఎద్దు కుంటిన నాడే పశువైద్యునకు చూపు రైతు, తన కాలు కుంటినపుడు మాత్రము కోతలు ముగియువఱకు ఓర్చుకొనును. లేదా ఎవరేది చెప్పిన నది చేయును. మేము వైద్యులము కాము. పొలముల వెంట తిరుగువారము. అయినను ఈ వ్యాధిని గూర్చి వైద్యశాస్త్రము నేడు చెప్పుచున్న ముఖ్య విషయములను, మేము కన్నులార చూచిన రెండు సంగతులను ఈ పాఠమున తెలుపుచున్నాము. ఆ రెంటిలో నొకదానియందు తప్పు మాదియే.

1. తుంటినరమన నేమి?

మన శరీరమందలి నరములన్నిటిలో మిక్కిలి లావైనది తుంటినరము. దీనిని వైద్యులు సయాటిక్ నరమనియు, దీని వలన కలుగు నొప్పిని సయాటికా యనియు పిలుతురు. పిరుదు వద్ద నిది దాదాపు బొటనవ్రేలంత వెడల్పుగా నుండును. నడుమునందలి ఐదు పూసలలో కడపటి రెంటి యొద్దనుండి రెండును, వాని క్రింది త్రికాస్థి నుండి మూడును, మొత్తమైదు నరపు వేళ్లు కలిసి యీ నరముగా నేర్పడును. ఇది పిరుదు కండరముల క్రిందుగా దిగి, తొడ వెనుక భాగమున సాగి, సాధారణముగా మోకాలికి కొంచెము ఎగువన రెండు శాఖలుగా చీలి, పాదపు వ్రేళ్లవఱకు పోవును.

పంటకాలువను తలచుకొన్న నీ వ్యాధి సులభముగా బోధపడును. చివరి మడి యెండినపుడు తెలివిగల రైతు ఆ మడిలో త్రవ్వడు; కాలువ వెంట ఎగువకు నడచి, తూము వద్ద ఏమైన అడ్డుపడినదేమో చూచును. అట్లే పిక్కలో నొప్పి యున్నను దోషము పిక్కలో నుండదు. నూటికి సుమారు తొంబదిమందిలో అది నడుము పూసల నడుమ నుండు బిళ్లయందే యుండును. పిక్కకు తైలము మర్దించుట వలన కొంత హాయి కలుగవచ్చును గాని, మూలమును అది తాకదు.

ఈ నొప్పి క్రొత్తది కాదు. ఆయుర్వేద గ్రంథములందు దీనికి గృధ్రసి యని పేరు. గృధ్రమనగా రాబందు, రోగి నడక ఆ పక్షి నడకను పోలుటచే నా పేరు వచ్చినదని చెప్పుదురు. బైబిలునందు ఆదికాండము 32వ అధ్యాయమున యాకోబు రాత్రి యంతయు పెనుగులాడి, తుంటికీలు తప్పి, తెల్లవారి కుంటుచు పోయిన కథ కలదు. ఆ కథను బట్టియే ఆచారపరులగు యూదులు నేటికిని పశువుల తుంటినరమును తినరు. ఇటలీ దేశమున డొమెనికో కోటూన్యో యను వైద్యుడు 1764వ సంవత్సరమున నీ నొప్పిని గూర్చి ప్రత్యేక గ్రంథము వ్రాసి, నరమునకు సంబంధించిన దానిని కీలుకు సంబంధించిన దాని నుండి వేఱుపఱచెను. 1934లో అమెరికా దేశపు బోస్టను నగర వైద్యులు మిక్స్టర్, బార్ అనువారు బిళ్ల చిట్లి నరపువేరును నొక్కుటయే అనేకులయందు దీనికి కారణమని ప్రకటించిరి.

2. బిళ్ల యెట్లు చిట్లును?

రెండేసి పూసల నడుమ నొక బిళ్ల యుండును. దాని వెలుపలి భాగము పీచుతో పలు పొరలుగా చుట్టినట్లు గట్టిగా నుండును. లోపల లేత తాటిముంజె వంటి మెత్తని గుజ్జు ఉండును. నడక, పరుగు, బరువుల వలన కలుగు అదుటులను ఈ బిళ్ల తాళుకొనును. వయసు ముదిరిన కొలదియు, పదేపదే వంగి మెలిదిరిగి బరువులెత్తిన కొలదియు పీచుపొరలలో పగుళ్లు కలుగును. తుద కొకనాడు, ఒక్కొక్కప్పుడు చిన్న తుమ్ముతోనే, లోపలి గుజ్జు వెనుకకు పొడుచుకొని వచ్చి నరపువేరును తాకును. అది నరమును నొక్కుటయే గాక, అచ్చట వాపును మంటను కూడ కలిగించును.

వంగుటకును బరువునకును గల సంబంధమును 1999లో జర్మనీ దేశపు పరిశోధకులు కొలిచి చూచిరి. వారు ఒక మనుజుని నడుము బిళ్లలో సూక్ష్మమైన పీడనమాపకము నుంచి, అతనిచే పలు పనులు చేయించిరి. ఊరక నిలుచున్నప్పటి ఒత్తిడిని ఒకటి యనుకొన్న, పరుండినపుడు అందు ఐదవ వంతు మాత్రమే యుండెను. 20 కిలోల బరువును మోకాళ్లు వంచక, నడుము మాత్రము వంచి లేపినపుడు నాలుగున్నర రెట్లయ్యెను. మోకాళ్లు వంచి లేపినపుడు సుమారు మూడున్నర రెట్లయ్యెను. ఆ బరువునే ఒంటికి ఆనించి పట్టుకొని నిలిచినపుడు రెండు రెట్లకు కొంచెము మించెను. ఇది 20 కిలోల లెక్క. మనము మోయు యూరియా సంచి 45 కిలోలు. కృష్ణా గోదావరీ మండలములందు ధాన్యపు బస్తా యనిన 75 కిలోలు.

బరువులెత్తుట యొక్కటియే కారణము కాదు. ట్రాక్టరుపై గంటలకొలది యదురుచు కూర్చుండుటయు, నాట్లలో కలుపులలో దినమంతయు వంగియుండుటయు, పొగత్రాగుటయు నీ వ్యాధికి తోడ్పడును. వయసు మీఱినవారిలో పూసల లోపలి మార్గము ఇఱుకగుట వలన గూడ నిట్టి నొప్పి కలుగవచ్చును. అట్టివారికి నడచిన కొలది కాళ్లు లాగి, కూర్చున్న వెంటనే తగ్గును.

3. గుర్తించు విధము

నడుము నొప్పి యెల్ల తుంటినరపు నొప్పి కాదు. నొప్పి పిరుదు నుండి మోకాలికి దిగువకు ప్రాకుట, సాధారణముగా నొక్క కాలికే వచ్చుట, నడుమున కంటె కాలిలో నెక్కువగా నుండుట, దగ్గినను తుమ్మినను ముక్కినను హెచ్చుట, తిమ్మిరి గాని చీమలు ప్రాకినట్లు గాని తోచుట దీని గుర్తులు.

ఇంటి యొద్దనే రెండు పరీక్షలు చేసికొనవచ్చును. మొదటిది: వెల్లకిల పరుండి, మోకాలు వంచక, నొప్పి గల కాలిని మఱియొకరిచే మెల్లగా పైకెత్తించుకొనవలెను. కొంచెము లేపగనే మోకాలి దిగువవఱకు నొప్పి ప్రాకినచో నరపువేరు ఒరయుచున్నదని యూహింపవచ్చును. రెండవది: గోడ పట్టుకొని మడమలపై పది యడుగులు, పిమ్మట మునివ్రేళ్లపై పది యడుగులు నడువవలెను. మడమలపై నిలువలేక పాదము వ్రాలిపోయినను, మునివ్రేళ్లపై లేవలేకపోయినను నరము బలము తగ్గినదని తెలిసికొని, ఆలసింపక వైద్యునకు చూపవలెను.

కాళ్లలో తిమ్మిరి మధుమేహము వలనను, కుష్ఠువ్యాధి వలనను గూడ కలుగును. చర్మముపై స్పర్శ లేని పాలిన మచ్చ యున్న యెడల దానిని దాచక చూపవలెను. కుష్ఠునకు ప్రభుత్వ వైద్యశాలలందు ఉచితముగా మందిచ్చుచున్నారు.

4. మేము చేసిన తప్పు

కొన్నేండ్ల క్రిందట మా పరిధిలోని యొక గ్రామమున కౌలుకు వరి సాగుచేయు నలుబది యేండ్ల రైతు, ట్రక్కు నుండి బస్తా దింపుచు మెలిదిరుగగా నడుము కలుక్కుమని, మఱునాటికి కాలంతయు నొప్పి ప్రాకెను. మేము చదువుకొను దినములలో మిషను ఆసుపత్రియందు నడుము నొప్పివారిని బల్లలపై వారములకొలది పరుండబెట్టుట చూచినవారము. ఆ కాలపు వైద్యులు అట్లే చెప్పుచుండిరి. కావున "నెల దినములు కదలక చెక్కబల్లపై పరుండుము" అని యతనికి గట్టిగా చెప్పితిమి. మాపై గల నమ్మకముచే నతడట్లే చేసెను.

ఇరువదినాలుగు దినములు గడచెను. చేను కలుపుతో నిండెను. అతని భార్య కూలీలకై మెడలోని గొలుసు తాకట్టు పెట్టెను. నొప్పి కొంత తగ్గినను అతని తొడ కండలు జాఱి, లేచి నిలుచుటకే భయపడు స్థితి వచ్చెను. తుదకు జిల్లా వైద్యశాలలోని వ్యాయామ చికిత్సకుడు అతనిని లేపి, మొదట వరండా చివఱవఱకు, పిమ్మట వీధి చివఱవఱకు నడిపించెను. ఆఱు వారములలో నతడు చేనికి పోగలిగెను. "అయ్యా, నొప్పి కంటే మంచమే నన్నెక్కువ పడేసింది" అని యతడు మాతో నన్నమాట మఱవలేము.

మేము ఆ సలహా నిచ్చుటకు ఎన్నో యేండ్ల ముందే దాని సంగతి తేలియుండెను. 1999లో నెదర్లాండ్సు దేశమున 183 మంది తుంటినరపు రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును రెండు వారములు మంచముపై నుంచి, రెండవ జట్టును ఓపినంతవఱకు తిరుగనిచ్చి పరిశీలించిరి. పండ్రెండు వారములకు రెండు జట్లయందును నూటికి 87 మందికి మేలు కలిగెను. అనగా పరుండుట వలన నదనపు లాభము లేదు. పని నష్టము, బలహీనత మాత్రము మిగులును.

5. ఉపశమన మార్గములు

మొదట ధైర్యము. పొడుచుకొనివచ్చిన గుజ్జు చాలమందిలో క్రమముగా ఎండి శరీరములోనే యిమిడిపోవును, వాపు తీయును. అధికుల కిది ఆఱు నుండి పండ్రెండు వారములలో తగ్గుముఖము పట్టును.

నొప్పి తీవ్రముగా నున్న మొదటి ఒకటి రెండు దినములు విశ్రాంతి తీసికొనవచ్చును. వెల్లకిల పరుండి పిక్కలను కుర్చీపై గాని పెట్టెపై గాని ఆనించి, తుంటిని మోకాలిని మడచి యుంచిన నరమునకు సడలింపు కలుగును. లేదా నొప్పి లేని ప్రక్కకు ఒత్తిగిలి, మోకాళ్ల నడుమ దిండు పెట్టుకొనవలెను. కాని మేలుకొనియున్నపుడు గంట కొకసారియైనను లేచి, ఇంటిలో నాలుగడుగులు వేయవలెను. దినదినమును ఆ నడకను హెచ్చింపవలెను. ఎక్కువసేపు కూర్చుండుట, గొంతుకూర్చుండుట తగ్గింపవలెను. మరుగుదొడ్డికి కుర్చీ అమరిక చేసికొన్న సుఖము. ముక్కుట వలన నొప్పి హెచ్చును గావున, ఆకుకూరలు తిని నీరు బాగుగా త్రాగి మలబద్ధము లేకుండ చూచుకొనవలెను.

వేడినీటి కాపడము హాయి నిచ్చును. కాని తిమ్మిరి పట్టిన చోట పెట్టరాదు, కాలినను తెలియదు.

ఒక తేలికైన వ్యాయామము కలదు. చాపపై బోర్ల పరుండి రెండు నిమిషములు ఊరక నుండవలెను. ఓర్వగలిగిన, మోచేతులపై ఆని ఛాతీని కొంచెము లేపి ఒక నిమిషము నిలిపి దింపవలెను. ఇట్లు దినమునకు మూడు నాలుగు పర్యాయములు చేయవచ్చును. కాలిలోని నొప్పి పైకి జరిగి నడుమునకు చేరిన నది మంచి గుర్తు, నడుములో కొంచెము హెచ్చినను భయపడ నక్కఱలేదు. నొప్పి పాదమువైపు దిగజాఱినచో ఆ వ్యాయామము వెంటనే మానవలెను. అది యందఱికి పడునది కాదు.

మందుల విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. దుకాణములలో నడిగి తెచ్చుకొను నొప్పి మాత్రలు కొద్ది దినములు ఉపశమన మిచ్చినను, కడుపులో పుండ్లు కలిగించుటయు మూత్రపిండములను చెఱచుటయు కలదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమందువలె మూత్రపిండముల వ్యాధి ప్రబలియున్న చోట్ల నివి మఱింత అపాయకరములు. రక్తపుపోటు, మధుమేహము గలవారును వైద్యునడుగక వీనిని వాడరాదు. నరముల మాత్రలని ప్రిగాబాలిన్‌ను చాలమంది కొని వాడుచున్నారు; 2017లో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షయందు అది తుంటినరపు నొప్పికి ఉత్తుత్తి మాత్ర కంటె నెక్కువ పని చేయలేదు, తలతిరుగుట మాత్రము హెచ్చెను.

శస్త్రచికిత్స యనిన భయపడవద్దు, దాని కొఱకు పరుగెత్తవద్దు. నెదర్లాండ్సు దేశముననే 2007లో ప్రకటించిన మఱియొక పరిశోధనలో, ఆఱు వారములు దాటియు తీవ్రమైన నొప్పి యున్న 283 మందిలో సగము మందికి వెంటనే శస్త్రము చేసి, తక్కినవారిని కనిపెట్టి చూచిరి. శస్త్రము చేసినవారికి నొప్పి త్వరగా తగ్గెను. వేచినవారిలో నూటికి 39 మందికి పిమ్మట శస్త్రము చేయవలసి వచ్చెను. కాని సంవత్సరము గడచునప్పటికి రెండు జట్లయందును నూటికి 95 మంది కోలుకొనిరి. కావున అపాయ చిహ్నములు లేనపుడు తొందరలేదు. వైద్యునితో ఆలోచించి నిర్ణయింపవచ్చును.

6. చేయగూడనివి

నడుముపై నెక్కి త్రొక్కించుట, ఎదురుకాళ్లతో పుట్టినవారిచే తన్నించుట, మెడను నడుమును ఒక్క విసురున విఱిపించుట తగదు. పగిలిన బిళ్ల వీని వలన మఱింత వెడలవచ్చును. వాతలు పెట్టుట వలన పుండు తప్ప ఫలము లేదు. పేరు తెలియని పొట్లముల మందులు తినరాదు. పిరుదు నడుమ భాగమున సూదిమందు వేయించుకొనరాదు. సూది తుంటినరమునకు తగిలి కాలు చచ్చుబడినవారు కలరు. సూది తప్పనిసరియైన, శిక్షణ పొందినవారిచే మాత్రమే, పిరుదు పైభాగపు వెలుపలి మూలనో, తుంటి ప్రక్కనో వేయించుకొనవలెను.

7. గంటలలో వైద్యశాలకు పోవలసిన గుర్తులు

ఇది యీ పాఠమున కెల్ల ముఖ్యమైన భాగము. రెండవ సంగతి యిచ్చట చెప్పవలెను.

ఒక నాట్ల కూలీకి, ముప్పదియైదేండ్ల యిల్లాలికి, పది దినములుగా కాలు లాగుచుండెను. ఒకనాటి సాయంత్రము రెండు కాళ్లును తిమ్మిరెక్కెను. మూత్రము వచ్చుట ఆగిపోయెను. మగవారి యెదుట నట్టి మాట చెప్పుటకు సిగ్గుపడి, మఱునాడు తోడికోడలికి మాత్రము చెప్పెను. వేడి చేసినదని వారు మజ్జిగ నిచ్చిరి. మూడవనాడు కడుపు ఉబ్బి ఏడ్చుచుండగా పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఆ రాత్రియే శస్త్రము చేసిరి. ఆమె యిప్పుడు నడుచుచున్నది. కాని మూత్రముపై వశము తిరిగి రాలేదు. నేటికిని గొట్టముతో తీసికొనవలసియున్నది. మొదటి సాయంత్రమే చెప్పియుండిన నిట్లు కాకుండుటకు చాల అవకాశ ముండెడిదని వైద్యుడు మాతో ననెను.

వెన్నెముక దిగువన గుఱ్ఱపుతోక వలె నరముల కట్ట యుండును. పెద్ద గుజ్జుముక్క దానిని నొక్కినపుడు మలమూత్రములను పాలించు నరములు చచ్చును. అప్పుడు గంటలే లెక్క. కావున ఈ క్రింది గుర్తులలో నేదియైనను కనబడిన రాత్రియనక పగలనక 108 వాహనమును పిలిచి, శస్త్రచికిత్స చేయు పెద్ద వైద్యశాలకు పోవలెను:

మూత్రము రాకపోవుట, వచ్చినట్లు తెలియకపోవుట, లేదా తెలియక జాఱుట. మలముపై వశము తప్పుట.
సైకిలు సీటు తాకు చోట, అనగా మర్మస్థానముల చుట్టును, స్పర్శ మొద్దుబాఱుట.
రెండు కాళ్లయందును నొప్పియో బలహీనతయో కలుగుట.
పాదము వ్రాలిపోవుట; కాలి చెప్పు జాఱిపోయినను తెలియకపోవుట.

చెట్టుపై నుండి గాని బండిపై నుండి గాని పడిన పిమ్మట నీ నొప్పి కలిగిన నానాడే చూపవలెను. జ్వరము, బరువు తగ్గుట, రాత్రులయందు విడువని నొప్పి యున్నవారును, పూర్వము క్షయగాని క్యాన్సరుగాని వచ్చినవారును ఆలసింపరాదు; వెన్నెముకకు క్షయ సోకుట మన దేశమున నరుదు కాదు.

ఇంటి పెద్దలకు మా మనవి యొక్కటి. కాలు లాగుచున్నదని చెప్పిన ఆడువారిని, "మూత్రము సరిగా వచ్చుచున్నదా?" అని తల్లియో అత్తగారో సిగ్గు విడిచి యడుగవలెను. ఆ యొక్క ప్రశ్న యొక జీవితమును కాపాడగలదు.

8. సంఘములు చేయదగిన పని

బరువెత్తు పద్ధతిని ప్రతి రైతును నేర్చుకొనవలెను. పాదములు ఎడముగా నుంచి, బరువునకు దగ్గరగా నిలిచి, మోకాళ్లు వంచి, సంచిని ఒంటికి ఆనించుకొని లేవవలెను. తిరుగవలసివచ్చిన నడుము మెలిపెట్టక పాదములతో తిరుగవలెను. బస్తా నొక్కరు గాక ఇద్దఱు పట్టవలెను. వీపుపై మోయు 16 లీటర్ల పిచికారీ యంత్రమును నేలపైనుండి గాక, నడుమెత్తు గట్టుపైనుండి తగిలించుకొనవలెను. వంగెడి పనిలో అరగంట కొకసారి నిలుచుండి, నడుముపై చేతులుంచి వెనుకకు నాలుగైదు మారులు వంగవలెను.

కాని పద్ధతి యొక్కటియే చాలదు, బరువే తగ్గవలెను. ఒక పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించియున్నచో దానిని త్వరలో ఆ మేరకు తగ్గింపవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసినది. మన 75 కిలోల బస్తా ఆ మేర కెంతయో పైనున్నది. సంఘపు గిడ్డంగులయందు 40 కిలోల సంచులను మాత్రమే వాడుటకు తీర్మానింపవచ్చును. రెండు చక్రముల తోపుడు బండిని, దింపుడు బల్లను కొని యుంచవచ్చును. వంగి నాటుటను తగ్గించు డ్రమ్ము సీడరును, నిలుచుండి నడపు కలుపు యంత్రమును సభ్యులకు అద్దె కీయవచ్చును. వీని ఖర్చు ఒక రైతు ఒక పంటకాలము మంచము పట్టుట వలన ఆ కుటుంబమునకు కలుగు నష్టముతో పోల్చిన స్వల్పము.

ముఖ్యాంశములు

కాలి నొప్పికి మూలము నడుములో నుండును. చాలమందికి వారములలో తగ్గును. మంచము పట్టక మెల్లగా నడువవలెను. త్రొక్కించుట, వాతలు, అడిగి తెచ్చుకొను మాత్రలు మానవలెను. మూత్రము ఆగినను, సీటు తాకు చోట స్పర్శ తప్పినను, పాదము వ్రాలినను ఒక్క గంటయు ఆలసింపరాదు.

నొప్పిని చూచి భయపడి మంచము పట్టుట మేము నేర్పిన తప్పు. భయపడవలసిన గుర్తును సిగ్గుచే దాచుట ఆ యిల్లాలికి జరిగిన నష్టము. ఈ రెండును మన గ్రామములందు మఱల జరుగకుండుటకై, సభ్యులు ఈ పాఠమును ఇంటిలోని యాడువారికి చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.